గ్రూపులో తిట్టారు, రిజైన్ చేయమంటున్నారు... పోలీస్ కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: విశాఖ ఆటోనగర్‌లో పైపులు ఫ్యాబ్రికేట్ చేసే ఒక యూనిట్‌లో తొమ్మిదేళ్లుగా ఫిట్టర్‌గా పనిచేస్తున్నాను. కాగితం మీద మాత్రం నా హోదా 'లైన్ ఇన్‌చార్జి'. జీతం 24,000. వర్కర్లం అరవై మంది ఉంటాం. ఆరు నెలల క్రితం వచ్చిన ప్రొడక్షన్ మేనేజర్ ఏ పనైనా ఫోన్‌లోనే చెబుతారు. పోయిన నెల డ్రాయింగ్ మారిందని నాకు చెప్పానని ఆయన అంటున్నారు. నాకు చెప్పలేదు. పాత డ్రాయింగ్ ప్రకారం కోసిన పైపులు పనికిరాకుండా పోయాయి. వాటి పక్కన నేను నిలబడి ఉన్న ఫోటో తీసి, షిఫ్ట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, 'ఇలాంటోళ్లకి జీతాలు దండగ' అని రాశారు. నలభై మంది చూశారు. ఆ రాత్రి కోపం ఆపుకోలేక నేనూ నాలుగు మాటలు పెట్టేశాను. మర్నాడే మెమో ఇచ్చారు. గడువు అడిగితే పది రోజులు ఇచ్చారు. ఈలోగా హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి, 'నీ అంతట నువ్వే రిజైన్ చేస్తే సెటిల్‌మెంట్ ఇస్తాం, లేదంటే టెర్మినేట్ చేస్తాం, ఇంకెక్కడా పని దొరకదు' అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మేనేజర్ మీద పోలీస్ కేసు పెట్టొచ్చా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీరు పోలీస్ కేసు గురించి అడిగారు. నన్ను గాభరా పెట్టింది మాత్రం రిజైన్ సంగతి. ముందు అది తేల్చుకుందాం. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఉద్యోగం తీసేస్తే దాన్ని సవాలు చేయడానికి చట్టంలో దారి ఉంది. తనంతట తాను మానేసిన మనిషికి ఆ దారి చాలా ఇరుకు. బలవంతంగా రాయించుకున్నారని మీరే రుజువు చేసుకోవాలి. ఆ గదిలో ఉన్నవాళ్లంతా కంపెనీ మనుషులే అయినప్పుడు సాక్ష్యం ఎవరు చెబుతారు? ఒకవేళ ఈపాటికే సంతకం పెట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా ఇవాళే రాజీనామా వెనక్కి తీసుకుంటున్నానని ఈమెయిల్ పెట్టి, అదే ఉత్తరం స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపండి. రాజీనామా అమల్లోకి రాకముందే దాన్ని ఉపసంహరించుకునే హక్కు ఉద్యోగికి ఉందని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఇక వాళ్లు ఆశ చూపిస్తున్న సెటిల్‌మెంట్. అందులో చాలా వరకు వాళ్లు దయతలచి ఇచ్చేది కాదు. అయిదేళ్లు దాటిన సర్వీసుకి గ్రాట్యుటీ ఎలాగూ రావాలి. గ్రాట్యుటీ లెక్కకు తీసుకునే వేతనం నెలకు 14,000 అనుకుందాం. దాన్ని 15తో గుణించి, 26తో భాగించి, తొమ్మిదేళ్లతో గుణిస్తే సుమారు 72,690 రూపాయలు. మీరు మానేసినా, వాళ్లు తీసేసినా అది మీదే. చట్టం చెప్పిన కొద్దిపాటి తీవ్రమైన కారణాలుంటే తప్ప దాన్ని ఆపడానికి లేదు. పీఎఫ్ సంగతి చెప్పక్కర్లేదు, అది మీ ఖాతాలో ఉన్న డబ్బు. మిగిలిన జీతం బకాయి కూడా ఉద్యోగం ముగిసిన రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. మన సొమ్మే మనకిస్తూ దానికి బదులుగా సంతకం అడుగుతున్నారన్నమాట.

ఇప్పుడు పోలీస్ కేసు. పెట్టొచ్చు గానీ, నేనైతే ఇప్పుడు వద్దంటాను. పైఅధికారి పని విషయంలో గట్టిగా మందలించడం దానంతటదే నేరం కాదు. సికింద్రాబాద్‌లోని ఒక కేంద్ర సంస్థకు సంబంధించిన కేసులో 2025 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. డైరెక్టర్ అందరి ముందూ గట్టిగా మందలించారని అక్కడి అసిస్టెంట్ ప్రొఫెసర్ పెట్టిన క్రిమినల్ కేసును కొట్టేసింది. కింది ఉద్యోగుల పని సరిగా లేదని అడగడాన్ని, శాంతిభద్రతలకు భంగం కలిగించేలా కావాలని చేసిన అవమానంగా చూడలేమంది. ఇలాంటి అవమానానికి పాత ఐపీసీలో ఉన్న సెక్షన్ 504 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 352 అయింది.

ఫోటో పెట్టి రాసిన మాట పరువునష్టం కిందికి వస్తుందా అంటే, 356వ సెక్షన్ ఉంది. కానీ దానికి పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు. మీరే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. పైగా తన కింద పనిచేసేవాళ్లను సదుద్దేశంతో మందలించానని చెప్పుకోవడానికి ఆ సెక్షన్‌లోనే పైఅధికారికి ఒక మినహాయింపు ఉంది. నలభై మంది ఉన్న గ్రూపులో ఫోటోతో సహా పెట్టడం సదుద్దేశమా అని వాదించవచ్చు, నేనూ వాదిస్తాను. ఆ వాదన ఏళ్లు నడుస్తుంది. మీకు పది రోజుల్లో తేలాల్సింది మెమో. కొడతానని, చంపుతానని బెదిరించినా, కులం పేరుతో దూషించినా సంగతి వేరు, అప్పుడు స్టేషన్‌కి వెళ్లమనే చెప్పేవాణ్ణి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు.

మెమోకి జవాబు మీద మాత్రం ఒక రోజంతా కూర్చోండి. రేపు ఏ అధికారి ముందుకు వెళ్లినా మొదట చదివేది ఆ కాగితమే. నా దగ్గరికొచ్చే జవాబుల్లో సగం, 'తల్లిదండ్రులు పెద్దవాళ్లు, పిల్లల ఫీజులున్నాయి, దయచూపండి' అని ఉంటాయి. మిగతా సగంలో మేనేజర్ పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉంటాయి. రెండూ పనికిరావు. గ్రూపులో మీరు పెట్టిన మాటల సంగతి దాచకండి. 'ఆ రాత్రి రాసిన మాటలు రాయకుండా ఉండాల్సింది, అందుకు విచారం వ్యక్తం చేస్తున్నాను' అని ఒక్క వాక్యం రాయండి. దానికి కారణమైన పోస్టు ఏ తేదీన, ఎన్ని గంటలకు వచ్చిందో కిందనే రాయండి. అంతవరకే ఒప్పుకోండి. పైపుల నష్టానికి బాధ్యత ఒప్పుకుంటూ ఒక్క మాట కూడా పడకూడదు.

డ్రాయింగ్ విషయంలో తేదీలే మాట్లాడాలి. మీకు ఇచ్చిన డ్రాయింగ్ మీద రివిజన్ నంబర్ ఎంత, అది మీ చేతికి ఎప్పుడు వచ్చింది, మారిన డ్రాయింగ్‌ను ఎవరు, ఎప్పుడు, ఎవరి సంతకం తీసుకుని ఇచ్చారు? డ్రాయింగ్‌లు ఎవరికి, ఎప్పుడు ఇచ్చారో రాసే ఇష్యూ రిజిస్టర్ కాపీ మీకు ఇవ్వాలని జవాబులోనే అడగండి. ఫోన్‌లో చెప్పానన్న మనిషి దగ్గర రిజిస్టర్‌లో మీ సంతకం ఉండదు. ఇవ్వకపోయినా నష్టం లేదు, ఇవ్వలేదన్నది కూడా రికార్డవుతుంది. రిజైన్ చేయమని ఏ తేదీన, ఎవరెవరి ఎదుట అడిగారో చివర్లో రెండు వాక్యాల్లో రాయండి. జవాబు చేతికిస్తే నకలు మీద ముద్రతో పాటు సంతకం, తేదీ తీసుకోండి. ముద్ర వేసేది లేదంటే ఈమెయిల్, స్పీడ్ పోస్ట్ ఉండనే ఉన్నాయి.

'లైన్ ఇన్‌చార్జి' అన్న హోదా చూపించి, మీరు వర్కర్ కాదు, లేబర్ చట్టాలు వర్తించవు అని కంపెనీ అనే అవకాశం ఉంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18,000 దాటి తీసుకునేవాళ్లు వర్కర్ నిర్వచనంలోకి రారు. మీ జీతం 24,000. కానీ కోర్టులు హోదా బోర్డు చూసి ఊరుకోవు, రోజులో ఎక్కువ భాగం ఏం పని చేశారని చూస్తాయి. సెలవులు మంజూరు చేసే అధికారం మీకుందా? కింది వాళ్లకు మెమో ఇవ్వగలరా? లేక పొద్దున్న గ్రైండర్ పట్టుకుంటే సాయంత్రానికి దింపుతారా? పేరు ఏదైనా చేసేది ఫిట్టర్ పనే అయితే మీరు వర్కరే. జాబ్ కార్డులు, ఓవర్‌టైమ్ స్లిప్పులు జాగ్రత్త చేసుకోండి, దీనికి అవే ఆధారం.

ఇరవై మంది, అంతకంటే ఎక్కువ వర్కర్లున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో పది మందికి మించకుండా, యాజమాన్యం వైపు ఎంతమందో వర్కర్ల వైపూ అంతమంది ఉంటారు. సంఘటన జరిగిన ఏడాదిలోపు దరఖాస్తు ఇవ్వొచ్చు, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తీర్పు నచ్చకపోయినా 60 రోజుల్లో కన్సిలియేషన్ ఆఫీసర్ (రాజీ కుదిర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. కమిటీ అంటే నవ్వుతారని తెలుసు. కమిటీ ఉన్నట్టు గోడ మీద నోటీసు ఉంటుంది, అందులో ఎవరున్నారో ఎవరికీ తెలియదు. అయినా దరఖాస్తు ఇవ్వండి. నా అనుభవంలో ఇలాంటి గొడవలు సగం అక్కడే చల్లారతాయి, ఎందుకంటే మేనేజర్, వర్కర్ ఒకే బల్ల దగ్గర మూడో మనిషి ముందు కూర్చోవడం అదే మొదటిసారి. అక్కడ మీరు అడగాల్సింది ఆయన క్షమాపణ కాదు. గ్రూపులోంచి ఆ ఫోటో తీసేయాలని, డ్రాయింగ్ మార్పులు ఇకపై సంతకం మీదే ఇవ్వాలని అడగండి. రెండోదానికి ఆయన కూడా కాదనలేరు.

అవేమీ కాకుండా నిజంగానే తీసేస్తే? తప్పు చేశారన్న కారణంతో తీసేయాలంటే ముందు చార్జిషీటు (కంపెనీ ఇచ్చే ఆరోపణల పత్రం), ఎంక్వయిరీ, మీ మాట వినడం జరగాలి. ఎంక్వయిరీ పెండింగ్‌లో సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ఉద్యోగి వల్ల కాకుండా ఆలస్యమైతే 75 శాతం ఇవ్వాలన్న కోడ్ నియమం మూడు వందల మంది, అంతకంటే ఎక్కువ వర్కర్లున్న చోటికే, అరవై మంది ఉన్న మీ యూనిట్‌కి అది నేరుగా వర్తించదు. ఎంక్వయిరీ లేకుండా తీసేశారు కాబట్టి గెలిచేశాననుకోకండి. ట్రిబ్యునల్ (కార్మిక వివాదాలు విచారించే కోర్టు) ముందు సాక్ష్యాలు పెట్టి రుజువు చేసుకునే అవకాశం యాజమాన్యానికి ఇస్తారు. ఇది చాలామంది క్లయింట్లకు చేదుగా ఉంటుంది. రాజీ ప్రయత్నం కోసం కార్మిక శాఖలోని కన్సిలియేషన్ ఆఫీసర్‌ను రెండేళ్లలోపు ఆశ్రయించాలి, అక్కడ కుదరకపోతే ఆయన నివేదిక అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కి. మీది ప్రైవేటు యూనిట్ కనుక రాష్ట్ర కార్మిక శాఖ దగ్గరికే వెళ్లాలి. స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో పనిచేసే మీ స్నేహితుడు చెప్పిన ఆఫీసుకి వెళ్లి తిరిగి రాకండి, వాళ్లది కేంద్ర కార్మిక శాఖ.

ఫీజు గురించి బెంగ వద్దు. పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టమే చెబుతోంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఈలోగా ఆయన ఫోన్‌లో ఏ పని చెప్పినా, పెట్టేసిన వెంటనే 'సార్, మీరు ఇప్పుడు చెప్పినట్టు రెండో రివిజన్ ప్రకారం కోస్తున్నాను' అని ఆయనకే ఒక మెసేజ్ పెట్టండి. గ్రూపులో కాదు, విడిగా. గ్రూపులోంచి కోపంతో బయటికి వచ్చేయకండి, చాట్ డిలీట్ చేయకండి. అది కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, ఆ సర్టిఫికెట్‌లో మెసేజ్‌లు ఏ ఫోన్‌లో ఉన్నాయో రాయాలి. కాబట్టి కొత్త ఫోన్ కొనుక్కున్నా పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకుండా దాచుకోండి.