టెక్ సందేహాలు: ఆ జిప్ ఫైల్‌ను రోజూ దింపాలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. పైథాన్‌లో ఒక స్క్రిప్ట్ రాశాను. రన్ చేసిన ప్రతిసారీ అది గిట్‌హబ్ (కోడ్ దాచి పంచుకునే సైట్) ఏపీఐని, అంటే ప్రోగ్రాములు సమాచారం అడిగే దారిని, అడిగి ఒక ఫ్రేమ్‌వర్క్ లేటెస్ట్ రిలీజ్ ఏదో తెలుసుకుని జిప్ ఫైల్ దింపుతుంది. పగలు బాగానే నడుస్తుంది, రాత్రయితే 403 ఎర్రర్ (‘ఇవ్వను’ అని సర్వర్ చెప్పే కోడ్). ఫోన్ హాట్‌స్పాట్ పెడితే మళ్లీ వస్తుంది. నన్ను బ్లాక్ చేశారా?

జవాబు: ఎవరూ బ్లాక్ చేయలేదు, టెన్షన్ పడకండి. టోకెన్ (అడిగేది ఎవరో చెప్పే రహస్య కోడ్) లేకుండా అడిగేవాళ్లకు గిట్‌హబ్ ఏపీఐ గంటకు 60 రిక్వెస్టులే ఇస్తుంది. ఆ లెక్క మనిషికి కాదు, ఐపీ అడ్రస్‌కు, అంటే నెట్‌లో కనెక్షన్‌కు ఉండే నంబరుకు. పీజీ వైఫైలో ఉన్నవాళ్లంతా బయటికి సాధారణంగా ఒకే ఐపీతో కనిపిస్తారు. మారతహళ్లి పీజీల్లో మన తెలుగు పిల్లలు చాలామందే ఉంటారు, అందులో కోడింగ్ నేర్చుకునేవాళ్లూ ఉంటారు. రాత్రి భోజనాలయ్యాక అందరూ లాప్‌టాప్‌లు తెరిస్తే 60 ఏ మూలకు సరిపోతాయి? హాట్‌స్పాట్ పెట్టగానే ఐపీ మారింది, మీ పని అయింది.

ఇదే కారణమో కాదో తేల్చుకోవడం తేలిక. 403 వచ్చినప్పుడు రెస్పాన్స్ హెడర్లను (జవాబుతో పాటు వచ్చే వివరాలను) ప్రింట్ చేయండి. ‘ఎక్స్-రేట్‌లిమిట్-రిమైనింగ్’ ఎదురుగా సున్నా ఉంటే ఇదే. ‘ఎక్స్-రేట్‌లిమిట్-రీసెట్’ అనే హెడర్‌లో ఒక పొడవాటి అంకె ఉంటుంది. కోటా మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో 1970 జనవరి 1 నుంచి సెకన్లలో చెప్పే అంకె అది. స్క్రిప్ట్ దాన్ని చదివి అప్పటిదాకా ఆగాలి. ఆగకుండా మళ్లీ మళ్లీ కొడితే ఇంకా ఇరుక్కుంటారు.

మీ అకౌంట్‌లో ఒక టోకెన్ చేసుకుంటే గంటకు 5,000 రిక్వెస్టులు వస్తాయి. పబ్లిక్ ప్రాజెక్టుల కోసమైతే దానికి ప్రత్యేకంగా ఏ పర్మిషనూ ఇవ్వక్కర్లేదు. టోకెన్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్ బయట, సిస్టమ్‌లో ఉంచే విలువ) పెట్టండి, కోడ్‌లో మాత్రం రాయొద్దు. ఇంటర్వ్యూల కోసం ఆ కోడ్‌ను పబ్లిక్‌గా పెట్టే రోజు వస్తుంది.

అయితే టోకెన్‌తో ఎర్రర్ పోతుందే గానీ స్క్రిప్ట్ బాగుపడదు. అది రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తోంది. కొత్త వెర్షన్ ఏది? ఆ వెర్షన్ ఫైల్ నా దగ్గర ఉందా? మొదటిదానికి జవాబు మారుతుంటుంది కాబట్టి నెట్‌లో అడగాల్సిందే. రెండోదానికి మీ డిస్క్‌ను చూస్తే చాలు. ఫ్రేమ్‌వర్క్ పేరు, వెర్షన్ నంబర్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కు అన్నది కలిపి ఫోల్డర్ పేరు పెట్టండి. ఆ ఫోల్డర్‌లో ఫైల్ ఉంటే నెట్ జోలికే వెళ్లొద్దు. ‘లేటెస్ట్’ అనే పేరుతో మాత్రం దాచకండి. రేపు కొత్త రిలీజ్ వచ్చాక మీ డిస్క్‌లో ఉన్న లేటెస్ట్ ఏదో మీకే తెలియదు.

మొదటి ప్రశ్నను కూడా పొదుపుగా అడగొచ్చు. ఏపీఐ ఇచ్చిన జవాబుతో పాటు ‘ఈట్యాగ్’ అనే హెడర్ వస్తుంది. దాన్ని దాచుకుని, తర్వాతిసారి ‘ఇఫ్-నన్-మ్యాచ్’ హెడర్‌లో పంపండి. ఏమీ మారకపోతే 304 అని ఖాళీ జవాబు వస్తుంది. టోకెన్‌తో అడిగినప్పుడు ఆ 304 మీ కోటాలోంచి తగ్గదు.

ప్రశ్న: క్యాష్ (దింపిన ఫైళ్లను మళ్లీ వాడేందుకు దాచే చోటు) పెట్టుకున్నాను. ఒకరోజు డౌన్‌లోడ్ మధ్యలో నెట్ పోయింది. అప్పటినుంచి జిప్ తెరుచుకోవడం లేదు, స్క్రిప్టేమో ‘ఫైల్ ఉంది’ అంటుంది. – ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: క్యాష్ రాసేవాళ్లకు ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే. ఫైల్ ఉండటం వేరు, పూర్తిగా ఉండటం వేరు. అసలు పేరుతో నేరుగా రాయకండి. అదే ఫోల్డర్‌లో చివర ‘పార్ట్’ అని ఉన్న తాత్కాలిక పేరుతో దింపి, సరిచూసి, అప్పుడే అసలు పేరుకు మార్చండి. పైథాన్‌లో ‘ఓఎస్ డాట్ రీప్లేస్’ ఆ పని చేస్తుంది. రెండు పేర్లూ ఒకే డిస్క్‌లో ఉంటే పేరు మారడం ఒక్క దెబ్బలో జరుగుతుంది. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ పోయినా సగం ఫైల్ అసలు పేరుతో కనిపించదు.

సరిచూడటమంటే సైజు ఒక్కటే కాదు, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ కూడా. అది ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే 64 అక్షరాల వరుస, ఫైల్ కాస్త మారినా అదీ మారుతుంది. చాలా ప్రాజెక్టులు రిలీజ్ పక్కనే దాన్ని ఇస్తాయి, 2025 నుంచి గిట్‌హబ్ కూడా రిలీజ్ ఫైళ్లకు ఇస్తోంది. ఒక్క జాగ్రత్త. రిలీజ్‌కు డెవలపర్లు జతచేసిన ఫైల్ వేరు, ‘సోర్స్ కోడ్’ అంటూ గిట్‌హబ్ అప్పటికప్పుడు తయారుచేసే ఆర్కైవ్ వేరు. 2023 జనవరి 30న ఆ ఆర్కైవ్‌లను కంప్రెస్ చేసే పద్ధతి మారింది. లోపలి కోడ్ అదే అయినా హ్యాష్‌లు మారిపోయాయి, ఎక్కడెక్కడివో బిల్డ్‌లు (కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసే పనులు) ఆగిపోయాయి. గిట్‌హబ్ అదే రోజు పాత పద్ధతికి వెళ్లింది. అందుకే హ్యాష్ సరిచూసేటప్పుడు జతచేసిన ఫైల్‌నే వాడండి.

ఇప్పుడున్న పాడైన జిప్‌ను ఒకసారి టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. నిజమైన జిప్ మొదట్లో ‘పీకే’ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. ‘నాట్ ఫౌండ్’ అనో, హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీయో కనిపిస్తే నెట్ పోవడం కారణం కాదు, ఎర్రర్ పేజీనే జిప్‌గా దాచేశారన్నమాట. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ 404 (‘నాట్ ఫౌండ్’) ఎర్రర్ వచ్చినా తనంతట తాను ఆగదు. ‘రైజ్ ఫర్ స్టేటస్’ అని మీరు పిలవాలి.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో మా టీమ్ గిట్‌హబ్ యాక్షన్స్ (బిల్డ్‌లు, టెస్టులు దానంతట అదే నడిపే సర్వీస్) వాడుతోంది. క్యాష్ పెట్టినా కొన్ని రోజులకు మళ్లీ మొదటినుంచి దింపుతోంది, ఎందుకు?

జవాబు: 7 రోజులు ఎవరూ వాడని క్యాష్‌ను అది తీసేస్తుంది. రిపాజిటరీకి (ఒక ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) మామూలుగా 10 జీబీ పరిమితి, అది దాటితే పాతవి పోతాయి. మీ క్యాష్ కీలో, అంటే క్యాష్‌కు పెట్టిన పేరులో, తేదీయో కమిట్ (కోడ్‌లో సేవ్ చేసిన ఒక్కో మార్పు) నంబరో ఉందేమో చూడండి. ఉంటే ప్రతి బిల్డ్‌కూ కొత్త క్యాష్ తయారై ఆ 10 జీబీ ఇట్టే నిండుతుంది. కీలో వెర్షన్ నంబర్, ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటే సరిపోతుంది.