సంతకం పెట్టే ముందు నాకు చూపించు

రాజోలు

అమ్మలూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. నువ్వు నవల పూర్తి చేశావని ఒక కబురు, పుస్తకాలు వేసే ఎవరో కంపెనీ వాళ్ళు దాన్ని సెలెక్ట్ చేసి, అచ్చు వేయడానికి ప్యాకేజీ కింద నిన్నే అరవై వేలు కట్టమన్నారని ఇంకో కబురు. మొదటిదానికి సంతోషంతో నిద్ర పట్టలేదు. రెండోదానికి వచ్చే నిద్ర కూడా పోయింది. వాళ్ళ అగ్రిమెంటు వాట్సాప్‌లో పెట్టమని, పొద్దున్నే సెంటర్లో ప్రింటు తీయించాను. ఇన్నేళ్ళూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసినవాణ్ణి, ఫోన్లో చదివితే నాకు ఎక్కదు.

ముందు ఏజెంట్ల సంగతి, అదే, రచయిత తరఫున పబ్లిషర్లతో బేరం చేసేవాళ్ళ సంగతి. ఇంగ్లీషులోకి చేసి ఢిల్లీ, ముంబై పంపితే ఉలుకూ పలుకూ లేదని ఏడ్చావట. చాలామంది ఏజెంట్ల జవాబు అదేనమ్మా. వాళ్ళడిగిన పద్ధతిలో ఉత్తరం, కథ సారాంశం, మొదటి అధ్యాయాలు పంపేసి నీ పని చూసుకో. అసలైన ఏజెంటు ముందు పైసా అడగడు. పుస్తకం అమ్ముడైతే నీకొచ్చేదాంట్లో పదిహేను శాతం తీసుకోవడం మామూలు. చదవడానికే ఫీజు అడిగాడా, నమస్కారం పెట్టి వచ్చెయ్. ఇక తెలుగు నవలకి ఏజెంటన్న మాటే లేదు, ప్రెస్సు చుట్టూ షాపుల చుట్టూ మనమే తిరగాలి. నామోషీ పడకు. రాజమండ్రిలో వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధిని పత్రిక పెట్టి, తర్వాత అచ్చుయంత్రమే తెచ్చుకున్నారు.

అందుకని డీటీపీకీ ప్రెస్సుకీ కవర్ బొమ్మకీ నువ్వు డబ్బివ్వడం తప్పని నేననను. నా భయమల్లా ఆ అగ్రిమెంటు నాలుగో పేజీ. చిన్న అక్షరాల్లో ఏముందో చూశావా? ప్రింట్, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, ఇకముందు రాబోయే ఏ మాధ్యమమైనా, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం. అంటే నీ జీవితకాలం, ఆ పైన అరవై ఏళ్ళు! కొబ్బరితోట కౌలుకిస్తే దింపు కౌలుదారుది, గడువు తీరాక తోట మనది. ఇది కౌలు కాదు, ఎదురు డబ్బిచ్చి మరీ చేసే అమ్మకం.

మీ పెద్ద మావయ్య ఒక నవల రాశాడని నీకెవరూ చెప్పి ఉండరు. మా ఇంట్లో ఆ మాట ఎత్తితే ఆయన అన్నం దగ్గర్నుంచి లేచిపోయేవాడు. అప్పట్లో స్కూలు మేష్టారు. లంక రైతుల మీద రాశాడు, వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఒక పబ్లిషరు రాజమండ్రి వచ్చి, హోటల్ గదికి పిలిపించుకుని, కాఫీ ఇప్పించి, టైపు కొట్టిన కాగితం ముందు పెట్టాడు. రెండు వేల రూపాయలకి సర్వహక్కులూ శాశ్వతంగా. అన్నయ్య సంతకం పెట్టేసి, దారిలో పూతరేకులు కొనుక్కుని ఇంటికొచ్చాడు. రెండు సెంట్ల స్థలం కొనడానికి పాత లింకు డాక్యుమెంట్లూ, అప్పులూ తాకట్లూ లేవని చూపే ఈసీ నాచేత రెండేసిసార్లు తిరగేయించిన మనిషి! ఏరా చదవలేదా అంటే, "అంత పెద్దమనిషి ఎదురుగా కూర్చుంటే చదవడం ఏం బాగుంటుందిరా, అనుమానించినట్టు ఉండదూ?" అన్నాడు.

అద్దె పుస్తకాల షాపుల రోజులవి. అమలాపురంలో, నరసాపురంలో ఏ షాపులో చూసినా అట్ట ఊడిన కాపీ ఒకటి ఉండేది. దానికే మురిసిపోయేవాడు. 1986 ఆగస్టులో గోదావరి వచ్చాక మాత్రం మనిషి మారిపోయాడు. "వరద చూడకుండా వరద గురించి రాశానురా, అన్నీ అబద్ధాలే" అని చివరి భాగం మొత్తం తిరగరాశాడు. పబ్లిషరుకి పంపితే, ఉన్నది బాగానే పోతోంది, మార్చక్కర్లేదని కార్డు ముక్క. సొంత డబ్బుతో నేనే వేసుకుంటానంటే, హక్కులు మావని ఇంకో కార్డు. తర్వాత ఆ పబ్లిషరు దుకాణం మూసేశాడు. హక్కులు ఎవరి చేతికి పోయాయో చెప్పే నాథుడు లేడు. తిరగరాసిన కాగితాలు ఈనాటికీ నా బీరువాలో ఇంటి దస్తావేజుల కింద ఉన్నాయి. అన్నయ్య పోయినా ఆ విషయంలో నాకు ఆయన మీద కోపం పోలేదు.

ఇప్పుడు చట్టం కాస్త నయం. 1994 సవరణ తర్వాత, కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్ళనే లెక్క. ఏయే దేశాలకో రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్న హక్కు ఏడాదిలోపు వాడుకోకపోతే, కాగితంలో వేరే మాట లేకుంటే, అది రద్దయిపోతుంది. కానీ నీకు అగ్రిమెంటు పంపినవాళ్ళు ఆ చట్టం చదివినవాళ్ళేనే పిచ్చిదానా! అందుకే ఎక్కడా ఖాళీ ఉంచకుండా అన్నీ నింపేశారు. అడిగితే ప్రింటు హక్కు ఒక్కటే ఇవ్వు. తెలుగు వరకే, మూడేళ్ళకే. కాపీల లెక్క, రాయల్టీ శాతం కాగితం మీద ఉండాలి.

ఆ ప్యాకేజీలో ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరుకి కూడా విడిగా డబ్బు వేశారు, చూసి నవ్వొచ్చింది. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఆన్‌లైన్లో ఉచితంగా ఇస్తుంది, నీ పేరు మీదే తీసుకో.

ఈబుక్ నువ్వే పెట్టుకో. డీటీపీ అబ్బాయి అను ఫాంట్లలో కొట్టిన పేజ్‌మేకర్ ఫైలు ఇస్తే తీసుకోకు, ప్రెస్సుకి తప్ప పనికిరాదు. ఈబుక్ కోసం మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. మొదటినుంచీ ఏ ఫోన్లోనైనా కనబడే యూనికోడ్‌లో చేయమను. అమెజాన్ ఈబుక్ దుకాణం కిండిల్ వాడు 2016లో హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ పుస్తకాలు తెచ్చాడు, మనల్ని వదిలేశాడు. తెలుగుది పెట్టే ముందు భాషల పట్టిక చూసుకో. ఇంగ్లీషుదానికి డెబ్భై శాతం రాయల్టీ అని ఊరిస్తారు. ఇండియాలో అమ్మకాలకి అది రావాలంటే కేడీపీ సెలెక్ట్ అనే వాళ్ళ పథకంలో చేరాలి, తొంభై రోజులు ఆ ఈబుక్ ఇంకెక్కడా పెట్టకూడదు. టిక్కు తీయకపోతే గడువు దానంతటదే పెరిగిపోతుంది. అయినా అది కౌలే, దానికి టెన్షన్ పడకు.

మీ అమ్మ పంపిన అధ్యాయాలు చదివాను. సఖినేటిపల్లి రేవులో పంటు మీద మోటారుసైకిళ్ళ మధ్య ఇరుక్కుని ముసలమ్మ చేపలబుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చోట, చదవడం ఆపి మీ అత్తయ్యని పిలిచి వినిపించాను. తాతయ్యని మాత్రం మరీ కోపిష్టి చేశావు. నిజమేననుకో, మీ అమ్మ బాధపడుతుంది. మార్చమనడం లేదు. అచ్చయ్యేలోపు నువ్వే దాని పక్కన కూర్చుని చదివి వినిపించు.

ఎర్రపెన్నుతో దిద్దిన అగ్రిమెంటు రేపు కొరియర్ చేస్తాను. వాళ్ళు ఒప్పుకుంటే సరే, లేకపోతే పండక్కి రా, అమలాపురంలో ప్రెస్సుకి తీసుకెళతాను. మొదటిసారికి మూడొందల కాపీలు చాలు. వెయ్యి వేస్తే ధర కలిసొస్తుందంటారు, వినకు.

నీ మావయ్య