ముహూర్తానికి పాలు పొంగించుకోండి, పొసెషన్ లెటర్ మీద మాత్రం సంతకం ఆపండి

ప్రశ్న: సార్, మియాపూర్ వైపు స్టిల్ట్ ప్లస్ ఐదు ఫ్లోర్ల అపార్ట్‌మెంట్‌లో నాలుగో ఫ్లోర్‌లో డబుల్ బెడ్‌రూమ్ తీసుకున్నాం. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉన్న ప్రాజెక్టే. మొత్తం 72 లక్షలు కట్టేశాం, రిజిస్ట్రేషన్ అయ్యి రెండు నెలలైంది. అగ్రిమెంట్ ప్రకారం ఏడాది క్రితమే ఇవ్వాల్సింది. ఓసీ, అంటే కాపురానికి అనుమతిచ్చే ఆక్యుపేషన్ సర్టిఫికెట్, ఇంకా రాలేదు, అడిగితే ఇవాళో రేపో వచ్చేస్తుంది మీరు దిగిపోండి అంటున్నాడు బిల్డర్. కీస్ కావాలంటే పొసెషన్ లెటర్ మీద సంతకం పెట్టి, రెండేళ్ల మెయింటెనెన్సు, కార్పస్ ఫండ్ (అసోసియేషన్ కోసం ముందే కట్టించుకునే నిధి) కట్టమంటున్నాడు. మా అత్తగారు మాఘమాసంలో ముహూర్తం పెట్టించేశారు, అది దాటితే మూఢం వస్తుందట. ఇప్పుడున్న ఇంటి ఓనర్‌కి నెలాఖరుకి ఖాళీ చేస్తామని చెప్పేశాం. అద్దె 24 వేలు, ఈఎంఐ వేరే. దిగిపోవచ్చా?

జవాబు: అమ్మా, మీరు ఒక్క ప్రశ్న అడిగారు గానీ అందులో మూడు వేరే వేరే పనులు కలిసిపోయి ఉన్నాయి. గృహప్రవేశం ఒకటి, పొసెషన్ తీసుకోవడం ఒకటి, కాపురం పెట్టడం ఒకటి. మన ఇళ్లల్లో ఈ మూడూ ఒకే రోజు జరిగిపోవడం అలవాటు కాబట్టి అన్నీ ఒకటే అనిపిస్తాయి, బిల్డర్ కూడా సరిగ్గా ఆ ముహూర్తం తొందరలోనే కాగితం మీ ముందు పెడతాడు, పంతులు గారు అవతల టైం అయిపోతోందమ్మా అంటుంటే ఎవరు చదువుతారండీ నాలుగు పేజీలు. కానీ చట్టం దృష్టిలో పాలు పొంగించడం వేరు, స్వాధీనం తీసుకోవడం వేరు. మొదటిది మీరు ముహూర్తానికే చేసుకోండి, రెండోదీ మూడోదీ ఓసీ వచ్చాకే.

ఎందుకో చెప్తాను. నా దగ్గరికి వచ్చిన ఒక కేసులో ఇలాగే గృహప్రవేశం రోజు పొద్దున ఐదున్నరకి, గుమ్మానికి మామిడాకులు కడుతుండగా సైట్ మేనేజర్ వచ్చి కీస్ ఇచ్చాం అని ఒక సంతకం అన్నాడు. ఇల్లు కొన్నాయన పసుపు చేతులతోనే పెట్టేశాడు, ఆ కాగితం మీద పసుపు వేలిముద్ర ఇప్పటికీ ఉంది నా ఫైల్లో. ఏడో పాయింట్‌లో ఏముందంటే, ఫ్లాట్ అన్ని విధాలా పరిశీలించి పూర్తి సంతృప్తితో స్వాధీనం తీసుకున్నాను, ఆలస్యం గురించి గానీ నాణ్యత గురించి గానీ ఇకముందు ఏ క్లెయిమూ చేయను, అని. తర్వాత మూడు నెలలకి పైఫ్లోర్ బాత్రూం నుంచి నీళ్లు హాల్ సీలింగ్‌లోకి దిగాయి. బిల్డర్ తీసి చూపించింది ఆ కాగితమే.

ఇప్పుడు మీ విషయానికి వస్తే, 2016 రెరా చట్టంలో సెక్షన్ 11 ప్రకారం ఓసీ తెచ్చి కొన్నవాళ్లకి ఇవ్వాల్సిన బాధ్యత బిల్డర్‌దే. సెక్షన్ 19 ఏమో ఓసీ వచ్చిన రెండు నెలల్లోపు కొన్నవాళ్లు పొసెషన్ తీసుకోవాలంటుంది. చూడండి, మీ గడువు మొదలయ్యేదే ఓసీ వచ్చాక. అంటే ఇప్పుడు మీరు తీసుకోను అంటే తప్పు మీది కాదు, ఆ ధైర్యంతో ఉండండి. ఈ వారంలో తీసుకోకపోతే హోల్డింగ్ చార్జీలు (ఫ్లాట్ అట్టే పెట్టినందుకు రుసుము) వేస్తాం అని మెసేజ్ పెడతారు కొందరు, ఓసీ లేకుండా అలా వేసే హక్కు వాళ్లకి లేదు. కంప్లీషన్ సర్టిఫికెట్, ఫైర్ క్లియరెన్సు లేకుండా పొసెషన్ తీసుకోమని పిలవడం అసలు చెల్లుబాటయ్యే పిలుపే కాదని సుప్రీంకోర్టు 2024లో ఆగ్రా డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఇంకో తీర్పులో కంప్లీషన్ లేదా ఆక్యుపేషన్ సర్టిఫికెట్ తెచ్చాకే బిల్డర్ ఇల్లు అప్పగించాలని, అది చూశాకే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలని దేశం మొత్తానికి వర్తించేలా ఆదేశాలు ఇచ్చింది. మన దగ్గర 2012 బిల్డింగ్ రూల్స్ కూడా ఓసీ తప్పనిసరి అనే చెప్తాయి. మరి అందరూ ఉంటున్నారు కదా సార్ అంటారు, ఉంటున్నారు నిజమే, కన్‌స్ట్రక్షన్ మీటర్ మీద కరెంటు, ట్యాంకర్ నీళ్లు, వాటి బిల్లులు బిల్డర్ ఎంత చెప్తే అంత, అలా ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లని అడిగి చూడండి.

ఇక డబ్బు లెక్క, ఇది జాగ్రత్తగా చదవండి. ఆలస్యానికి సెక్షన్ 18 కింద పొసెషన్ ఇచ్చే వరకు నెలనెలా వడ్డీ మీకు రావాలి. తెలంగాణ రూల్స్‌లో ఆ రేటు ఎస్‌బీఐ వాళ్ల గరిష్ఠ ఎంసీఎల్ఆర్‌కి (బ్యాంకు అప్పులకి ఆధారంగా పెట్టుకునే వడ్డీ రేటు) 2 శాతం కలిపినంత. లెక్క కోసం 10 శాతం అనుకున్నా 72 లక్షల మీద నెలకి 60 వేలు, మీ అగ్రిమెంట్‌లో గ్రేస్ పీరియడ్ ఉంటే అన్ని నెలలు తీసేయండి. నెలకి 24 వేల అద్దె మిగుల్చుకోవాలని మీరు పెట్టే సంతకం ఆ 60 వేల లెక్కని అక్కడితో ఆపేస్తుంది, గడిచిపోయిన నెలలది కూడా వదులుకున్నట్టు రాయించుకుంటారు. ఇంకోటి, గోడ బీటలు, లీకేజీ, నాసిరకం పని, ఏదైనా సరే పొసెషన్ తీసుకున్న తేదీ నుంచి ఐదేళ్లలోపు మీరు చెప్తే 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలని సెక్షన్ 14 చెప్తుంది. ఆ ఐదేళ్లు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి అన్నది కూడా ఆ లెటర్ మీదున్న తేదీయే తేలుస్తుంది. ఒక్క సంతకానికి ఇన్ని ముడిపడి ఉన్నాయి.

ఒక చిక్కు ఉంది, అది కూడా దాచకుండా చెప్పాలి. మీకు రిజిస్ట్రేషన్ ముందే అయిపోయింది. మన హైదరాబాద్‌లో సెమీ ఫినిష్డ్ అని రాసి ఓసీ కంటే ముందే రిజిస్టర్ చేయడం మామూలైపోయింది. ఆ సేల్ డీడ్‌లో ఎక్కడో ఒకచోట ఈ రోజే ఖాళీ స్వాధీనం అప్పగించాము అనే లైన్ ఉంటుంది, అది పాతకాలం నుంచి టైపిస్టులు దించుకుంటూ వస్తున్న లైన్. ముందు మీ డీడ్ తీసి అది ఉందో లేదో చూడండి. ఉంటే కంగారు వద్దు, తాళాలు ఇంకా బిల్డర్ దగ్గరే ఉన్నాయి, ఓసీ లేదు, ఈ రెండూ మీ వైపు బలమైన పాయింట్లే. కానీ ఊరుకోకుండా ఇవాళే ఒక మెయిల్ పెట్టేయండి, డీడ్‌లో ఏం రాసినా నాకు ఫ్లాట్ భౌతికంగా ఇప్పటిదాకా అప్పగించలేదు, ఓసీ కాపీ ఇవ్వలేదు అని. రెండు లైన్లు చాలు.

ముహూర్తం సంగతి. బిల్డర్‌కి ఇలా లెటర్ రాసి, దాని మీద రిసీవ్డ్ అని సంతకం, స్టాంపు వేయించుకోండి:

"ఫలానా తేదీన ఉదయం నుంచి సాయంత్రం వరకు మా ఫ్లాట్‌లో గృహప్రవేశ పూజ చేసుకోవడానికి మాత్రమే తాళాలు తీసుకుంటున్నాము. పూజ అవగానే తిరిగి ఇచ్చేస్తాము. దీన్ని పొసెషన్ తీసుకున్నట్టుగా పరిగణించరాదు. ఓసీ కాపీ అందాక, పనులన్నీ చెక్ చేసుకున్నాకే పొసెషన్ తీసుకుంటాము. ఆలస్యానికి రావాల్సిన వడ్డీపై మా హక్కు అలాగే ఉంటుంది."

సాయంత్రం తాళాలు వెనక్కి ఇచ్చేటప్పుడు కూడా ఒక సంతకం తీసుకోండి, చాలామంది అది మర్చిపోతారు. ఆ రాత్రి నిద్ర చేయాలి, దీపం ఆరకూడదు అని పెద్దవాళ్లు అంటారు, ఒక్క రాత్రి అయితే లెటర్‌లో మర్నాడు ఉదయం వరకు అని రాసుకోండి. అయితే లిఫ్ట్ నడవడం లేదంటే, మెట్లకి రెయిలింగ్ లేదంటే, వైర్లు బయటికి వేలాడుతుంటే చిన్నపిల్లలు, పెద్దవాళ్లతో వంద మందిని పిలవకండి, ఇంట్లోవాళ్లే వెళ్లి పాలు పొంగించుకుని వచ్చేయండి, భోజనాలు ఓసీ వచ్చాక పెట్టుకోవచ్చు. అత్తగారికి కూడా ఈ మాట నేను చెప్పానని చెప్పండి, ముహూర్తం తప్పడం లేదు కదా, ఆవిడకి కావలసింది అదే.

ఇవాళో రేపో అంటున్నాడు కదా, ఓసీకి అప్లై చేసిన కాగితం చూపించమనండి. అప్లై చేస్తే ఫైల్ నంబర్ ఉంటుంది, మీ మున్సిపల్ కార్పొరేషన్‌లో దాన్ని పట్టుకుని ఎక్కడ ఆగిందో తెలుసుకోవచ్చు. నంబరే లేదంటే అసలు అప్లై చేయలేదని అర్థం, ఎందుకు చేయలేదంటే చాలాసార్లు ప్లాన్‌లో లేని పెంట్‌హౌసో, సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) తినేయడమో ఉంటుంది. అలాగని తేలితే మాత్రం ఇంక ఎదురుచూడకండి, కింద చెప్పిన రెరా కంప్లెయింట్ దారి పట్టండి. ఇంకో సంగతి. పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్టప్ ఏరియాలో పది శాతం కార్పొరేషన్ వాళ్లు తమకు తాకట్టు పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. మీది రిజిస్టర్ అయింది కాబట్టి ఆ పది శాతంలో లేదనే అనుకోవాలి, అయినా ఒక కొత్త ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీసి చూసుకోండి. అందులో మీ పేరు ఎక్కిందో లేదో, బిల్డర్ బ్యాంక్ లోన్ కోసం మీ ఫ్లాట్‌ని తాకట్టు పెట్టినట్టు రిజిస్టరై ఉందో లేదో కూడా ఒకేసారి తేలిపోతుంది.

అద్దె ఇంటి సంగతి ఇవాళే చూడాలి. ఖాళీ చేస్తామని మీరు చెప్పేశారు, కానీ ఓనర్ ఒప్పుకుంటే ఇచ్చిన నోటీసు వదిలేసుకోవచ్చు, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 113లో ఆ మాట ఉంది. ఆయన ఇంకెవరికైనా మాట ఇచ్చేలోపే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి, మూడు నెలలు పొడిగించమని అడిగి, ఒప్పుకుంటే ఆ మాటని వాట్సాప్‌లో అయినా రాయించుకోండి. ఆయన కుదరదు అంటే, నెలవారీగా దొరికే చిన్న ఇల్లు చూసుకోవడమే మేలు, సామాను ఒకసారి ఎక్కువ మోయాల్సి వస్తుంది అంతే. ఖాళీ చేసే రోజు గదులన్నీ వీడియో తీసి, మీటర్ రీడింగ్ ఫోటో ఓనర్‌కి పంపితే అడ్వాన్సులో కోతల గొడవ తగ్గుతుంది.

ఓసీ వచ్చి కాపీ చేతికి అందాక అప్పుడు ఫ్లాట్ చెక్ చేసుకోండి, ఒక్క గంట కాదు, రెండు రోజులు పెట్టుకోండి. బాత్రూం డ్రెయిన్‌కి గుడ్డ కుక్కి రెండంగుళాల నీళ్లు నింపి ఒక రోజంతా వదిలేయండి, మర్నాడు కింద ఫ్లాట్ వాళ్ల సీలింగ్‌కి చెయ్యి ఆనించి చూడండి, తడి తెలుస్తుంది. రూపాయి బిళ్లతో టైల్స్ మీద కొట్టుకుంటూ వెళ్లండి, కింద సిమెంట్ లేని చోట డొల్ల శబ్దం వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లి ప్రతి ప్లగ్గుకీ ఎర్తింగ్ చూడమనండి. దొరికినవన్నీ ఫోటోలతో మెయిల్ చేసి, పొసెషన్ లెటర్ మీద సంతకం కింద మీ చేత్తోనే ఇలా రాయండి: ఫలానా తేదీ మెయిల్‌లోని పనులు పెండింగ్, ఆలస్యపు వడ్డీపై హక్కు అలాగే ఉంది. క్లెయిమ్ ఉండదు అనే లైన్ కొట్టేసి పక్కన ఇనీషియల్ వేయండి. కొట్టనివ్వకపోతే సంతకం పెట్టకుండా అదే కారణం మెయిల్‌లో రాయండి. కార్ పార్కింగ్ నంబర్ డీడ్ షెడ్యూల్లో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

రెండేళ్ల మెయింటెనెన్సు, కార్పస్ ఎంత, ఎవరి అకౌంట్‌కి అన్నది అగ్రిమెంట్‌లో రాసి ఉండాలి, అందులో లేని పైసా కట్టకండి. కార్పస్ రేపు అసోసియేషన్‌కి చేరాల్సిన డబ్బు, అందుకని దానికి విడిగా రసీదు అడగండి, క్యాష్ మాత్రం వద్దు. ఓసీ రాకముందు మెయింటెనెన్సు ఎందుకు కట్టాలి అన్నది మీరు నిలబడి అడగాల్సిన ప్రశ్నే.

మెయిళ్లకి పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే టీజీ రెరాలో సెక్షన్ 31 కింద కంప్లెయింట్ ఆన్‌లైన్‌లో వేయొచ్చు, ఓసీ తెప్పించమని, వడ్డీ ఇప్పించమని రెండూ అడగండి. కన్స్యూమర్ కమిషన్ దారి కూడా ఉంది. ఓసీ తేకపోవడం సేవాలోపమేనని, తెచ్చేదాకా ఆ తప్పు కొనసాగుతూనే ఉంటుందని 2022లో ముంబయి సొసైటీ కేసులో సుప్రీంకోర్టు అంది. మీ ఒక్కరికే రెరా బాగుంటుంది అనిపిస్తోంది నాకు, మిగతా ఫ్లాట్ల వాళ్లు పదిమంది కలిస్తే ఇంకా మంచిది, ఒక్కరు అడిగితే రేపు అనే బిల్డర్ పదిమంది అడిగితే ఫైల్ పట్టుకుని తిరుగుతాడు.

ఈ జవాబు చదివేలోపే సంతకం పెట్టేసి ఉంటే కూడా అంతా పోయినట్టు కాదమ్మా. పొసెషన్ తీసుకున్నంత మాత్రాన, డీడ్ రాయించుకున్నంత మాత్రాన ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోదని 2020లో బెంగళూరు ప్రాజెక్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటప్పుడు ఆ లెటర్ కాపీ ముందు సంపాదించండి, ఏ పరిస్థితిలో సంతకం పెట్టించారో, అప్పటికి ఓసీ లేదన్న మాటతో సహా ఆ రోజే మెయిల్ చేయండి, తర్వాత కాపీ పట్టుకుని దగ్గర్లోని లాయర్‌ని కలవండి.