పాత బెంగాలీ సినిమా బొమ్మతో కాఫీ మగ్గు: అరవై ఏళ్లు దాటితే చాలా?

ప్రశ్న: మాది మూడు తరాలుగా ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన రైల్వే కుటుంబం. ఇంట్లోనే హీట్ ప్రెస్ పెట్టుకుని, తెల్లని పింగాణీ కాఫీ మగ్గులపై పాత బెంగాలీ సినిమాల బొమ్మలు ముద్రించి దుర్గాపూజ స్టాల్‌లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్నాము. ‘సప్తపది’లోని మోటారు సైకిల్ దృశ్యం, దాని కింద ఆ పాట పల్లవి, సత్యజిత్ రాయ్ గీసిన ‘దేవి’ పోస్టరు, ‘నాయక్’లోని ఒక డైలాగు, ‘పథేర్ పాంచాలీ’లో రెల్లుపూల నడుమ రైలును చూసే అక్కాతమ్ముళ్లు (ఇది మా అమ్మాయి గీసింది). ఇవీ మా నాలుగు రకాలు. సినిమా విడుదలై అరవై ఏళ్లు దాటితే ఎవరి అనుమతీ అక్కరలేదని మాకు మగ్గులు సరఫరా చేసే వ్యాపారి అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: ఆయన చెప్పినది సినిమాకు వర్తిస్తుంది, సినిమాలో ఉన్న ప్రతి దానికీ వర్తించదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం చలనచిత్రంపై హక్కు, అది విడుదలైన సంవత్సరం ముగిశాక మరో అరవై ఏళ్లు ఉంటుంది. అయితే అదే చట్టం 13వ సెక్షన్, సినిమాపై ఉన్న హక్కు వేరు, ఆ సినిమాలో వాడుకున్న కథ, స్క్రీన్‌ప్లే, పాట, బొమ్మలపై ఉన్న హక్కులు వేరు అని స్పష్టంగా చెబుతోంది. వీటి గడువు సినిమా విడుదల నుంచి కాక, ఆయా రచయిత లేదా చిత్రకారుడు మరణించిన సంవత్సరం ముగిసినప్పటి నుంచి అరవై ఏళ్లుగా లెక్కకు వస్తుంది. కనుక మీ నాలుగు మగ్గులకు నాలుగు లెక్కలు వేయాలి.

‘సప్తపది’ (మన విశ్వనాథ్ గారిది కాదు, ఉత్తమ్ కుమార్, సుచిత్రా సేన్‌ల సినిమా) 1961లో వచ్చింది కాబట్టి, చిత్రంపై హక్కు 2021తో ముగిసింది. ఫిల్ములోని ఒక ఫ్రేమును ఫొటోగా తీసుకోవడం కూడా చిత్రాన్ని కాపీ చేయడమేనని 14వ సెక్షన్ చెబుతున్నందున, చిత్రంపై హక్కు పోయాక ఆ ఫ్రేమును వాడుకోవచ్చు. కానీ సెట్లో స్టిల్ ఫొటోగ్రాఫర్ విడిగా తీసిన ఫొటోకు ఈ వెసులుబాటు లేదు. కనుక మీ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూసుకోండి. పల్లవి సంగతి ఇంకా సూటిగా ఉంది. ఆ పాట రాసిన గౌరీప్రసన్న మజుందార్ 1986లో మరణించారు కాబట్టి, సాహిత్యంపై హక్కు 2046 చివరి వరకు ఉంటుంది. బొమ్మ ఉంచి, పల్లవి తీసేయండి.

‘దేవి’ పోస్టరు మగ్గును వెంటనే ఆపేయమని నా సలహా. సినిమా 1960 నాటిదే అయినా పోస్టరు విడిగా ఒక కళాకృతి. రాయ్ 1992 ఏప్రిల్ 23న మరణించారు కనుక, హక్కుదారు ఎవరైనప్పటికీ, దానిపై హక్కు 2052 చివరి వరకు నడుస్తుంది. అది మా నివాళి, అభిమానంతో వేశాము అన్న మాట కోర్టులో నిలబడదు. చట్టంలోని మినహాయింపులు సొంత వాడకానికీ, విమర్శకూ, సమీక్షకూ వర్తిస్తాయి గానీ అమ్మకానికి పెట్టిన వస్తువుకు వర్తించవు.

‘నాయక్’ విషయంలో మనకు ఒక తీర్పే ఉంది. 1966 నాటి ఈ చిత్రాన్ని నవలగా మార్చి ప్రచురించినప్పుడు, నిర్మాత కుటుంబం ప్రచురణ సంస్థపై ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. స్క్రీన్‌ప్లే రాసినది రాయ్ కాబట్టి దానిపై తొలి హక్కు ఆయనదేననీ, ఆయన తదనంతరం అది కుమారుడు సందీప్ రాయ్‌కీ, రాయ్ రచనలను భద్రపరిచే సొసైటీకీ చెందుతుందనీ 2023లో కోర్టు తేల్చింది. అంటే డైలాగు కోసం మీరు అనుమతి అడగవలసినది నిర్మాతను కాదు. చిత్రంపై హక్కు కూడా 2026 డిసెంబర్ 31 వరకు ఉంది. కేవలం ‘నాయక్’ అన్న పేరును బెంగాలీ అక్షరాల్లో వేసుకుంటే కాపీరైట్ చిక్కు లేదు, ఎందుకంటే సినిమా పేరుకు కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 2015లో కృషికా లుల్లా కేసులో చెప్పింది. అయితే ఆ పేరును ఎవరైనా ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకున్నారేమో, ముఖ్యంగా కప్పులు, పింగాణీ సామాను వచ్చే 21వ తరగతిలో, ఒకసారి వెతికించండి.

మీ అమ్మాయి గీసిన బొమ్మ దగ్గర నేను కాసేపు ఆగవలసి వచ్చింది. ‘పథేర్ పాంచాలీ’ సినిమాకు మూలమైన నవల రాసిన విభూతిభూషణ్ బందోపాధ్యాయ 1950లో మరణించారు కాబట్టి, ఆ నవల 2011 నుంచి అందరిదీ అయింది. 1955 నాటి చిత్రానికి కూడా అరవై ఏళ్లు 2015తో నిండాయి (ప్రస్తుత చట్టం 1958 జనవరిలో అమల్లోకి వచ్చింది కనుక, అంతకు ముందరి చిత్రాలకు పాత చట్టం నిబంధనలు కూడా చూడాలి). అయినా నవలలో అక్క దుర్గ రైలును చూడకుండానే కన్నుమూస్తుంది. రెల్లు చేలో పిల్లలిద్దరూ రైలును చూడడం రాయ్ కల్పన, ఆయన రచనపై హక్కు ఇంకా తీరలేదు కనుక, నవల గడువు తీరిందన్న వాదన ఈ ఒక్క బొమ్మకు అక్కరకు రాదు. ఆలోచనకు కాపీరైట్ లేదనీ, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉందనీ 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినందువల్ల, రెల్లుపూలు, రైలు, ఇద్దరు పిల్లలు అన్న విషయాన్ని ఎవరైనా గీసుకోవచ్చు. రాయ్ ఫ్రేములోని కోణాన్నీ, అమరికనూ గీతకు గీత దించకుండా, రైలును మగ్గు చుట్టూ తిప్పి పొగ పిడి దగ్గరకు వచ్చేలా అమ్మాయి తన ఊహతో మళ్లీ గీస్తే, నాలుగింటిలోనూ నిర్భయంగా అమ్ముకోగలిగినది అదే.

నటుల ముఖాల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. వ్యక్తిత్వ హక్కులు (తన పేరును, ముఖాన్ని ఇతరులు వ్యాపారానికి వాడుకోకుండా ఆపే హక్కులు) మనిషితోనే పోతాయనీ, వారసులకు రావనీ 2023లో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ కేసులో ఢిల్లీ హైకోర్టు అన్నది. కలకత్తా హైకోర్టు దాన్ని పాటించి తీరాలని లేదు కాబట్టి, ఉత్తమ్ కుమార్ మీ మగ్గును మెచ్చుకున్నట్టు అర్థమిచ్చే ప్రకటనలు మాత్రం వేయకండి.

తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి; పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా రాని నేరమని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ జవాబు చదివాక మాకు తెలియదని చెప్పడం మీకు కష్టమే.

పోస్టరు, డైలాగు వదులుకోలేకపోతే హక్కుదారుల నుంచి రాతపూర్వకంగా, సంతకంతో లైసెన్సు తీసుకోండి; ఫోనులో సరేనన్నారన్నది చెల్లదు. ఏ బొమ్మ, ఏ వస్తువు మీద, ఎన్ని ప్రతులు, రాయల్టీ ఎంత అన్నవన్నీ అందులో ఉండాలి. గడువు రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమేననీ భావిస్తుంది. కనుక ఢాకాకో, అమెరికాలోని బంధువుల అంగడికో మగ్గులు పంపే ఉద్దేశం ఉంటే ఆ దేశాల పేర్లు ముందే రాయించుకోండి.