నోనెట్ తలపెట్టిన అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ దీవించి రాయునది.

ఉద్యోగానికి సెలవు పెట్టి, దాచుకున్న డబ్బుతో వాద్యకారులను కూడగట్టి, ఫ్రెంచ్ సంగీతకర్త లూయీజ్ ఫరెంక్ తొమ్మిది వాద్యాలకు రాసిన నోనెట్‌ను లండన్‌లో వాయించబోతున్నావని మీ అమ్మ చెప్పగానే నాకు ముందు గర్వమే కలిగింది. ఫోను పెట్టేశాక గాని డబ్బు సంగతి తట్టలేదు. ఆర్కెస్ట్రాలలో వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వియోలా వాయించుకుంటూ బతికినదాన్ని కనుక, నా భయాలు చాలావరకు జమాఖర్చుల భయాలే.

అందరి స్వరాలూ కలిపి ఉండే స్కోరు, ఒక్కొక్కరికి విడిగా ఉండే పార్టులు ముందుగా తెప్పించుకో. ఫరెంక్ 1875లోనే కన్నుమూసింది కాబట్టి రచనకు హక్కుల బెడద లేదు గాని, ఆధునిక ముద్రణకు షరతులు ఉండవచ్చు. ప్రచురణకర్తను అడిగి కాగితం మీద రాయించుకో. రికార్డింగు ఆలోచన కచేరీ అయ్యేవరకు పెట్టుకోకు.

ఇక అసలు సంగతి, రిహార్సళ్లు. నా ఉద్యోగపు తొలి సంవత్సరాలలో ఒక బృందం ఇదే నోనెట్‌ను బీథోవెన్ సెప్టెట్‌తో జతచేసి పెట్టుకుంది. ఆ ఎంపికలో తప్పేమీ లేదు, ఎందుకంటే సెప్టెట్‌లోని ఏడు వాద్యాలకు ఫ్లూట్, ఓబో కలిపితే ఫరెంక్ కోరిన తొమ్మిదీ సమకూరుతాయి. అయితే మా నాయకుడు, సెప్టెట్ అందరికీ తెలిసినది కనుక అందులో పొరపాటు జరిగితే ఇట్టే పట్టేస్తారని భయపడి, మేమందరం నిద్రలో లేపినా వాయించగల ఆ సెప్టెట్‌కే రిహార్సళ్లన్నీ ధారపోశాడు. ఎవరూ వినని నోనెట్ మిగిలిన కాస్త సమయంలో, పైపైన ఒకసారి వాయించడంతో సరిపోయింది. కచేరీనాడు మొదటి భాగం ఎలాగో గట్టెక్కింది. రెండవ భాగంలో, ఒకే బాణీని మార్చి మార్చి వినిపిస్తూ ఒక్కొక్క వాద్యానికీ వంతులవారీగా అవకాశమిచ్చే ఆ వేరియేషన్లలో, ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో తెలియక ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తరువాతి భాగమైన స్కెర్ట్సో తంత్రీవాద్యాల పిజ్జికాటోతో మొదలవుతుంది. విల్లు పక్కన పెట్టి వేళ్లతో మీటే ఆ మొదటి స్వరాలు నలుగురివీ ఒక్కసారిగా పడాలి. మావి నాలుగు చోట్ల నాలుగు పడ్డాయి. విరామంలో ఒక పెద్దమనిషి, ఈవిడను లోకం ఎందుకు మరచిపోయిందో ఇప్పుడు అర్థమైందని పక్కవారితో అనడం నేను చెవులారా విన్నాను. సెప్టెట్ చెడితే వాయించినవాళ్లను తిట్టేవారు, బీథోవెన్‌ను ఎవరూ ఒక్కమాట అనేవారు కారు. నోనెట్ చెడితే ఆ నింద నేరుగా ఫరెంక్ నెత్తిన పడింది. ఆ నాయకుడి మీద నాకు నేటికీ కోపం పోలేదు. కాబట్టి నీ రిహార్సళ్లలో మూడింట రెండు వంతులు నోనెట్‌కే కేటాయించు, జతగా పెట్టిన రచన కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

నువ్వు పంపిన పోస్టరు చూశాను. "జీవితాంతం గుర్తింపుకు నోచుకోని" అని రాశావేమిటే? ఆవిడ 1842 నుంచి మూడు దశాబ్దాల పాటు పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో పియానో ప్రొఫెసరు. 1849లో రాసిన ఈ నోనెట్‌ను మరుసటి ఏడు, తరువాత గొప్ప వయొలిన్ విద్వాంసుడిగా పేరుపొందిన, అప్పటికింకా ఇరవై నిండని యోసెఫ్ యోఆకిమ్ వయొలిన్ పట్టగా పారిస్‌లో వినిపించింది. ఆ విజయం వెనువెంటనే, మగ ప్రొఫెసర్లతో సమానంగా జీతం ఇవ్వాలని డైరెక్టర్ ఒబేర్‌కు రాసి, సాధించుకుంది. కొద్దిమంది వాద్యకారుల కోసం రాసే ఛాంబర్ రచనలకు ఇచ్చే షార్తియే బహుమతి 1861లో ఒకసారి, 1869లో మరొకసారి అందుకుంది. మరపు ఆ తరువాత వచ్చింది. ఒపేరాయే సర్వస్వమైన ఊళ్లో ఆవిడ వాద్యసంగీతం రాసింది. ఈ నోనెట్ ఆవిడ బతికుండగా అచ్చుకాలేదు. 1859లో కూతురు విక్తోరీన్ పోయాక ఇంచుమించు రచనే మానేసింది. మానేసి ఊరికే కూర్చోలేదు సుమా. భర్త అరిస్తీద్‌తో కలిసి పాత శతాబ్దాల కీబోర్డు సంగీతాన్ని వెదికి, సరిచూసి, సంపుటాలుగా అచ్చువేయడం మొదలుపెట్టి, 1865లో ఆయన పోయిన తరువాత కూడా ఒంటిచేత్తో కొనసాగించింది. పోస్టరు మీద రాస్తే ఇది రాయి, జాలి కబుర్లు వద్దు.

జీతం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. తొమ్మిదిమందికీ ఒకే మొత్తం ఇవ్వు, వయొలిన్ వాయించే ఆయన ఎంత పేరున్నవాడైనా సరే. ఆ మొత్తం ముందే రాసి అందరిచేతా సంతకాలు పెట్టించు. నీ వంతు కూడా అందులో చేర్చు. నీ చిన్నతనంలో చాక్లెట్లు పంచిపెట్టి నీకు మిగలకపోతే వంటింట్లోకి వచ్చి ఏడ్చేదానివి, ఆ బుద్ధి ఇంకా పోలేదని నా అనుమానం. తక్కువపడితే సిగ్గుపడకుండా నన్ను అడుగు, మీ అమ్మకు చెప్పను.

వియోలా పార్టు కాపీ ఒకటి నాకు పంపితే, వేళ్లు మునుపటిలా సాగకపోయినా విల్లు ఎటు లాగాలో తెలిపే బోయింగ్ గుర్తులు పెట్టి వారంలో తిప్పి పంపుతాను. మంచి హార్న్ వాద్యకారులకు తీరిక దొరకడం కష్టం. కాబట్టి హార్న్ అబ్బాయి తేదీలు ఖాయమయ్యేదాకా హాలుకు అడ్వాన్సు కట్టకు.

మీ పెద్దమ్మ