నాలుగో గది తలుపు గురించి

తమ్ముడూ,

మన పాచికల కథల ఆట కోసం నువ్వు రాసి పంపిన అడ్వెంచర్ రాత్రి రెండింటిదాకా కూర్చుని చదివాను. నేలమాళిగ మ్యాప్ బాగుంది, చచ్చినా కదలని ఆ పూజారి మాటలు ఇంకా బాగున్నాయి. నాలుగో గది దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘బలమైన తలుపు, తాళం వేసి ఉంది. తాళంచెవి రెండో గదిలో ఉంది’ అని రాసి వదిలేశావు. ఆటగాళ్లు బుద్ధిగా వెనక్కెళ్లి తాళంచెవి వెతుకుతారని నీ ఆశ. నేను చూసినంతవరకు వాళ్లు ముందు గొడ్డలే తీస్తారు.

ఆ గొడ్డలికి నీ పేజీలో జవాబు లేదు. తలుపు చెక్కదా, ఇనుముదా? మందం ఎంత? డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 3.5 ఎడిషన్ నియమాల్లో లెక్కంతా దీని మీదే నడుస్తుంది. చెక్కకు హార్డ్‌నెస్ (దెబ్బను తట్టుకునే గట్టిదనం) 5, రాయికి 8, ఇనుముకు 10. ప్రతి దెబ్బలోంచి ముందు ఆ అంకె తీసెయ్యాలి. ఏమైనా మిగిలితేనే హిట్ పాయింట్లు, అంటే వస్తువుకున్న ఆయుష్షు, తగ్గుతాయి. రెండంగుళాల గట్టి చెక్క తలుపుకు హిట్ పాయింట్లు 20. డీ8+3 (ఎనిమిది ముఖాల పాచిక వేసి 3 కలపడం) దెబ్బ కొట్టే గొడ్డలి వీరుడు దాన్ని ఎనిమిది రౌండ్లు (రౌండంటే ఆరు సెకన్లు) అటూ ఇటూగా, అంటే ముప్పావు నిమిషం పైచిలుకులో చీల్చేస్తాడు. డీ4+1 బాకు పట్టుకున్న దొంగ తెల్లవార్లూ పొడిచినా గీత పడదు, వాడి అతి పెద్ద దెబ్బే 5 కదా.

కొట్టకుండా భుజంతో ఒక్క తోపు తోస్తానంటాడు ఇంకొకడు. తాళం వేసిన అదే తలుపుకు డీసీ (పాచికా బలమూ కలిపి చేరాల్సిన అంకె) 25. బలం +4 ఉన్నవాడికి ఇరవై ముఖాల పాచిక మీద 20 పడినా చాలదు. చేతికి గడ్డపార ఇస్తే +2 కలిసి, 19 పడినా తలుపు ఊడుతుంది. నువ్వు మూడో గదిలో ఒక మూలన గడ్డపార పడేసి ఊరుకుంటే చాలు, దాన్ని గమనించినవాడు తన తెలివికి తానే మురిసిపోతాడు.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ఈ తీసివేతను పక్కన పెట్టింది. అక్కడ చెక్కా రాయీ తేడా ఆర్మర్ క్లాస్‌లోకి, అంటే దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకెలోకి, వెళ్లిపోయింది: చెక్కకు 15, రాయికి 17, ఇనుముకు 19. హిట్ పాయింట్లు సైజును బట్టి, నాజూకుదా గట్టిదా అన్నదాన్ని బట్టి ఉంటాయి. పీపా సైజు గట్టి వస్తువుకు సగటున 18. ఆడటానికి తేలికే. కానీ డ్యామేజ్ త్రెషోల్డ్ (ఇంతకంటే చిన్న దెబ్బ లెక్కలోకి రాదనే గీటు) పెట్టకపోతే, డీఎం, అంటే ఆట నడిపేవాడు, ‘కుదరదు’ అనకపోతే, ఓపికున్న బాకు ఇనుమును కూడా కోసేస్తుంది. నాకు పాత పద్ధతే ఇష్టం. అలవాటు కూడా కావచ్చులే. నువ్వు ఏ ఎడిషన్‌కు రాస్తున్నావో మాత్రం మొదటి పేజీలోనే చెప్పు.

ఇక అంకెలు వేసేస్తే పని అయిపోయిందనుకోకు. నా మొదటి అడ్వెంచర్‌లో అంకెలన్నీ పక్కాగా ఉన్నాయి. చూడటానికి బాగుంటుందని రెండో గది నిధిలో అడమాంటైన్ అనే కల్పిత లోహపు బాకు ఒకటి పెట్టాను. 20 కంటే తక్కువ హార్డ్‌నెస్‌ను అది అసలు లెక్కచెయ్యదు. అడుగు మందం రాతి గోడకు హిట్ పాయింట్లు 90. డీ4+2 చొప్పున కోసుకుంటూ పోతే దాదాపు రెండు నిమిషాలు. మా వాళ్లు తలుపుల జోలికే పోలేదు. గోడల్లోంచి నేరుగా ఆఖరి గదికి తేలారు. నెల రోజులు కూర్చుని రాసిన తొమ్మిది గదుల్ని ఎవరూ చూడలేదు. కొన్ని ఆయుధాలు కొన్ని వస్తువుల మీద పనిచెయ్యవు అనే హక్కు డీఎంకు ఉందని వస్తువులు పగలగొట్టే నియమాలున్న అధ్యాయంలోనే రాసుంది. నేను ఆ ముక్క చదవలేదు.

ఆ రాత్రంతా నన్ను తొలిచింది ఇంకొకటి. రెండు నిమిషాలు గోడ తవ్వుతుంటే పక్క గదిలో కాపలావాళ్లు ఏం చేస్తున్నారు? నేను రాయలేదు కాబట్టి ఏమీ చెయ్యలేదు, చెవిటివాళ్లలా నిలబడ్డారు. రాముడు శివధనుస్సు విరిస్తే కథ అక్కడ ఆగిందా? ఆ సంగతి తెలిసే కదా పరశురాముడు దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. నీ నాలుగో గది తలుపు విరిగితే ఎవరు వస్తారు, ఎన్నో రౌండులో వస్తారు? దాని కింద ఒక్క వాక్యం చాలు: ‘మూడో దెబ్బకు ఐదో గదిలో కాపలావాళ్లు లేస్తారు.’ అప్పుడు హిట్ పాయింట్లు 20 అన్న అంకె గడియారంలా టిక్కుమంటుంది, టేబుల్ దగ్గర టెన్షన్ మొదలవుతుంది.

ఆరో గదిలో పెట్టె ఉంది కదా, మందు సీసాలున్నది. దాన్ని సుత్తితో పగలగొడితే లోపలి గాజు ఏమవుతుందో కూడా రాయి. తాళం తీయడం వచ్చిన దొంగకు అక్కడే విలువ వస్తుంది. లేకపోతే సుత్తి ఉన్నవాడే అన్నిటికీ మొనగాడు.

ఇంకొకటి, నాకు బాగా నచ్చినది. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట రెండో ఎడిషన్‌లో పగిలిపోవడానికి ముందు ఒక మెట్టు ఉంది. ఉక్కు డాలుకు హార్డ్‌నెస్ 5, హిట్ పాయింట్లు 20. సగానికి, అంటే 10కి దిగితే అది దెబ్బతిన్నట్టు లెక్క, బాగుచేసుకునేదాకా దాంతో దెబ్బ ఆపలేవు. సున్నాకు దిగితే ఇక ముక్కలే. 16 పాయింట్ల దెబ్బ వస్తే 5 డాలు ఆపుతుంది, మిగిలిన 11 మనిషికీ పడుతుంది, డాలుకూ పడుతుంది. అడ్డం పెట్టాలా వద్దా అని ఆటగాడు ఆ క్షణంలో తేల్చుకోవాలి. తాతల నాటి డాలు అని నువ్వు ముందే ఒక మాట రాసి ఉంచావనుకో, వాడి చెయ్యి ఆడదు. నీ పూజారి చేతిలో గంటకు కూడా ఇలాంటి మధ్య మెట్టు ఒకటి పెట్టి చూడు: పగులు పట్టిన గంట, తప్పు శబ్దం చేసే గంట.

తాళంచెవి రెండో గదిలోనే ఉండనీ, దాన్ని తియ్యకు. నాలుగో గదినీ ఆరో గదినీ తిరగరాసి శనివారంలోగా పంపు. ఆదివారం మా ఇంట్లో ఆడదాం. డీఎంగా నువ్వే కూర్చో. గొడ్డలి నేను పట్టుకుంటాను.

మీ అన్నయ్య