లైటు పచ్చగానే ఉంది, ఐపీ మాత్రం రావట్లేదు

ప్రశ్న: సార్, మా కాలేజీ ల్యాబ్ బ్లాకులో సిస్కో క్యాటలిస్ట్ 9300 స్విచ్ ఉంది. అందులో నాలుగు పోర్టుల 1జీ మాడ్యూల్ తీసేసి ఎనిమిది పోర్టుల 10జీ మాడ్యూల్ పెట్టాను, ప్రస్తుతానికి పాత 1జీ ఎస్ఎఫ్‌పీ (ఫైబర్ కేబుల్ తగిలించే చిన్న ముక్క), పాత ఫైబరే గుచ్చాను. పోర్టు లైటు పచ్చగా వెలుగుతోంది కానీ ఒక్క పీసీకి కూడా ఐపీ రావట్లేదు. పాత మాడ్యూల్ పెడితే మళ్ళీ అంతా మామూలే. అవతల కోర్ స్విచ్‌లో ట్రంక్ (చాలా వీల్యాన్లు, అంటే విడివిడి నెట్‌వర్కులు, ఒకే లింకు మీద పోయే సెట్టింగ్), నాన్‌నెగోషియేట్ (ట్రంక్ గురించి ఇవతలి స్విచ్‌తో మాట్లాడుకోకపోవడం) ఉంది. కొత్త మాడ్యూల్ వెనక్కి పంపేయమంటారా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పంపకండి, మాడ్యూల్‌కి ఏమీ కాలేదు. మీ ట్రంక్ కాన్ఫిగ్ అంతా గిగాబిట్ 1/1/1 మీద ఉండిపోయింది, ఈ ఎనిమిది పోర్టుల మాడ్యూల్‌లో 1జీ ఎస్ఎఫ్‌పీ గుచ్చినా సరే పోర్టు పేరు టెన్‌గిగాబిట్ 1/1/1 అవుతుంది. తమాషా ఏంటంటే 9300లో మాడ్యూల్ ఉన్నా లేకపోయినా ఆ పేర్లన్నీ రన్నింగ్ కాన్ఫిగ్‌లో (స్విచ్ ఇప్పుడు వాడుతున్న సెట్టింగుల జాబితా) కనిపిస్తూనే ఉంటాయి, అందుకే లేని పోర్టుకి కాన్ఫిగ్ రాసినా స్విచ్ కిక్కురుమనదు, మనం రెండు గంటలు తల పట్టుకుంటాం (నేనూ పట్టుకున్నాను లెండి). కోర్ వైపు నాన్‌నెగోషియేట్ అన్నారు కాబట్టి మీ వైపు కొత్త పోర్టు దానంతట అది ట్రంక్ కూడా అవ్వదు, వీల్యాన్ 1లో యాక్సెస్ పోర్టుగా (ఒక్క వీల్యాన్ మాత్రమే పోయే పోర్టు) కూర్చుంటుంది, మీ పీసీల వీల్యాన్ అవతలికి దాటదు, అందుకే ఐపీ రాదు. ఆ లైన్లు టెన్‌గిగాబిట్ కిందకి మార్చి, షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ కమాండ్ కొట్టి చూసి, రైట్ మెమరీ (కాన్ఫిగ్ సేవ్ చేసే కమాండ్) మర్చిపోకండి.

మాడ్యూల్ పవర్ తీయకుండానే మార్చొచ్చు, అయినా చేతికి రిస్ట్ స్ట్రాప్ కట్టుకోండి, మన కోస్తాలో ఉక్కపోత కదా స్టాటిక్ ఎక్కడిది అనుకుంటారు గానీ ఏసీ రూములో గాలి పొడిగానే ఉంటుంది. పెట్టాక షో ఇన్వెంటరీలో మాడ్యూల్ పేరు, సీరియల్ నంబర్ కనిపించాలి.

రేపు 10జీకి వెళ్ళేటప్పుడు రెండు చివర్లా ఎస్ఎఫ్‌పీలు ఒకేసారి మార్చండి. ఇటు 10జీ ఎల్ఆర్ రకం ఎస్ఎఫ్‌పీ, అటు పాత 1జీ ఎల్ఎక్స్ రకం ఉంటే రెండిటి వెలుగూ 1310 నానోమీటర్లే కాబట్టి లైట్ రీడింగ్ చక్కగా వస్తుంది, లింక్ మాత్రం చచ్చినా రాదు. షో ఇంటర్‌ఫేసెస్ ట్రాన్సీవర్ డీటైల్‌లో రిసీవ్ పవర్ చూడండి, ఎల్ఆర్‌కి కింది హద్దు మైనస్ 14.4 డీబీఎం (వెలుగు బలం కొలిచే యూనిట్), మీకు మైనస్ 13 దగ్గర కనిపిస్తే ఇవాళ పనిచేస్తున్నా సరే ముందు కనెక్టర్లు క్లీనర్ పెన్‌తో తుడవండి. ఫైబర్ చివర కంటికి ఎదురుగా పెట్టుకుని చూడకండి, ఆ వెలుగు కంటికి కనపడదు, కనపడకుండానే కంటిని దెబ్బతీయొచ్చు.

అప్పుడు అసలు టెస్ట్. పింగ్ వచ్చింది కదా అని రూముకి తాళం వేసేయడం నాకు నచ్చదు. కౌంటర్లు క్లియర్ చేసి, ఐపెర్ఫ్3 (నెట్‌వర్క్ వేగం కొలిచే ప్రోగ్రామ్) తో ఒక గంట ట్రాఫిక్ తోలి, సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన డేటా లెక్క) సున్నా దగ్గరే ఉన్నాయా చూడండి. మామూలు ల్యాప్‌టాప్‌తో చేస్తే 940 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంది, అది ల్యాప్‌టాప్ కార్డు హద్దు, మాడ్యూల్ మీద పడకండి. ఇదంతా ఆన్‌లైన్ పరీక్షలు లేని రోజు పెట్టుకోండి బాబూ.

ప్రశ్న: మాడ్యూల్ తీసేశాక ఆ ఖాళీ స్లాట్ అలా వదిలేయొచ్చా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దమ్మా. బాక్సులో వచ్చిన బ్లాంక్ ప్లేట్ బిగించండి, లేకపోతే ఫ్యాన్ల గాలి దారి తప్పుతుంది, లోపలికి దుమ్ము పోతుంది. ఆ ప్లేట్ పారేసి ఉంటే సప్లయర్‌ని అడగండి, అట్టముక్క మాత్రం అడ్డం పెట్టకండి.